తండ్రి ఆట, బిడ్డ బాట : బెంగళూరు క్రీడాకుటుంబాల చరిత్ర

వడ్రంగి కొడుకు ఉలి పట్టడం, నేతపనివారి బిడ్డ గుంటమగ్గం పక్కన కండెలు చుడుతూ పెరగడం, నాదస్వర విద్వాంసుని ఇంట పసివాడు మాటలకంటె ముందే శ్రుతిని గుర్తు పట్టడం మన దేశంలో తరతరాలుగా ఉన్నదే. విద్య, పనిముట్లు, గిరాకీ అన్నీ ఇంటిలోనే ఉన్నప్పుడు బిడ్డ మరొక దారి వెదకుకోవలసిన అవసరం కలుగలేదు. ఆటల విషయం అటువంటిది కాదు. ఆట బ్రతుకుతెరువు కావడమే మన దేశంలో నిన్నమొన్నటి మాట. పైగా తండ్రి చేసిన కుర్చీని కొడుకు అమ్ముకోవచ్చును గాని, తండ్రి గెలిచిన పోటీ వలన కొడుకుకు ఒక్క పాయింటు కూడా కలిసిరాదు. గీతకు ఆవల పడిన షటిల్ ఎవరి బిడ్డ కొట్టినా ఆవల పడినట్లే.

అయినప్పటికీ ప్రసిద్ధ క్రీడాకారుల సంతానం అదే ఆటలో అడుగు పెట్టడం ప్రపంచమంతటా కనిపిస్తున్నది. లాలా అమర్‌నాథ్ 1933లో తన తొలి టెస్టులోనే శతకం చేయగా, ఆయన కుమారుడు సురీందర్ 1976లో తన తొలి టెస్టులో అదే ఘనత సాధించాడు. మరొక కుమారుడు మొహీందర్ 1983 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను ఉత్తమ ఆటగాడుగా ఎంపికయ్యాడు. హాకీ మాంత్రికుడు ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ 1975 ప్రపంచ కప్పు ఫైనల్‌లో పాకిస్తాన్‌పై విజయం తెచ్చిన గోలు కొట్టాడు. ఇది వెలుగు. నీడ కూడా ఉన్నది. క్రికెట్ చరిత్రలోనే అగ్రగణ్యుడైన డాన్ బ్రాడ్‌మన్ కుమారుడు జాన్, తండ్రి పేరు బరువు భరించలేక, 1972లో ఇంటిపేరును బ్రాడ్సెన్ అని మార్చుకున్నాడు. మళ్ళీ అసలు పేరు పెట్టుకోవడానికి ఆయనకు రమారమి మూడు దశాబ్దాలు పట్టింది.

పులి కడుపున పులే పుడుతుందన్నది మన పెద్దలే. పండితపుత్రుణ్ణి వేళాకోళం చేసినదీ ఆ పెద్దలే. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకొనడానికి బెంగళూరు నగర క్రీడాచరిత్ర చక్కని ఆధారం. ఒకే ఊరిలో, ఒకే తరంలో, ఒకే సంవత్సరం పుట్టిన ఇద్దరు మహాక్రీడాకారుల ఇండ్లలో ఈ వారసత్వం రెండు భిన్నమైన దారులు పట్టింది. ఆ దారులలో ఒకటి తిరిగి తిరిగి తెలుగునాటికి వచ్చి చేరింది.

మల్లేశ్వరంలోని కెనరా యూనియన్ సంస్థకు ఒక పెద్ద హాలు ఉన్నది. 1960 దశకంలో అందులో పెళ్ళిళ్ళు జరిగేవి. పెళ్ళిళ్ళు లేని రోజున బ్యాడ్మింటన్ ఆడేవారు. ఆ ప్రాంతంలో పెరిగిన ప్రకాశ్ పదుకొణె అనే బాలుడికి అదే క్రీడాప్రాంగణం. బడి విడిచిన తరువాత ఈవేళ హాలులో శుభకార్యం ఉన్నదా లేదా అని చూసుకొని, లేకపోతే రాకెట్ పట్టుకొని పరుగెత్తడం అతని దినచర్య. ముహూర్తాల మాసాలలో సాధన అంతంత మాత్రమే అయి ఉంటుందని ఊహించవచ్చును. 1955 జూన్ 10న బెంగళూరులోనే జన్మించిన ఈ బాలుని తండ్రి రమేశ్ పదుకొణె, అప్పటి మైసూరు రాష్ట్ర బ్యాడ్మింటన్ సంఘానికి చాలాకాలం కార్యదర్శి. కొడుకుకు ఓనమాలు దిద్దించినది ఆయనే.

1962లో ఏడేళ్ళ ప్రకాశ్ రాష్ట్ర జూనియర్ పోటీలలో పాల్గొని మొదటి రౌండులోనే ఓడిపోయాడు. రెండేళ్ళు గడిచేసరికి, 1964లో, అదే పోటీలో విజేత అయ్యాడు. కథలలో ఇటువంటి ఘట్టాన్ని ఒక్క వాక్యంలో దాటివేస్తారు గాని, ఆ రెండేళ్ళలోనే అసలు విషయం ఉన్నది. ఓడిన ఏడేళ్ళ బిడ్డను మరునాడు మళ్ళీ అదే హాలుకు పంపగలిగిన ఇల్లు అది. రమేశ్ గారు ప్రపంచ విజేత కారు. ఆయన కొడుకుకు ఇచ్చినది పతకాల పెట్టె కాదు. ఆటను పద్ధతిగా నేర్చుకోవాలన్న అలవాటు, ఆటకు ఒక సంఘం, నియమం, కాలం ఉంటాయన్న ఎరుక. పదహారేళ్ళ ప్రాయంలో ప్రకాశ్ ఒకే ఏడాది జాతీయ జూనియర్, సీనియర్ బిరుదులు రెండూ గెలిచాడు. అటుపిమ్మట వరుసగా తొమ్మిది సంవత్సరాలు సీనియర్ ఛాంపియన్‌గా నిలిచాడు. 1978లో ఎడ్మంటన్ కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణం వచ్చింది. 1980 మార్చి 23న లండన్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ ఫైనల్‌లో ఇండోనేషియాకు చెందిన లీమ్ స్వీ కింగ్‌ను 15–3, 15–10 తేడాతో ఓడించి, ఆ బిరుదు పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆ రోజులలో ఆల్ ఇంగ్లండ్ అంటే అనధికార ప్రపంచ ఛాంపియన్‌షిప్ అన్నంత గౌరవం.

ఆ తరువాత కొన్నేళ్ళు ప్రకాశ్ డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో నివసించి సాధన సాగించారు. పెద్దకుమార్తె దీపిక 1986 జనవరి 5న అక్కడే జన్మించింది. ఏడాది నిండే వేళకు కుటుంబం బెంగళూరు తిరిగి వచ్చింది. తాత సంఘ కార్యదర్శి, తండ్రి ఆల్ ఇంగ్లండ్ విజేత. ఇటువంటి ఇంట పుట్టిన పిల్ల రాకెట్ పట్టకుండా ఉండడం కష్టం. దీపిక పట్టింది. తెల్లవారుజామున అయిదు గంటలకు లేచి వ్యాయామం, తరువాత బడి, సాయంత్రం మళ్ళీ కోర్టు. జాతీయ స్థాయి పోటీల వరకు ఆమె ఆడింది. పదవ తరగతికి వచ్చేసరికి మాత్రం, తాను ఈ ఆట ఆడుతున్నది తన ఇష్టంతో కాదు, తన కుటుంబంలో ఆడడం పరిపాటి కాబట్టి అన్న సంగతి ఆమెకు తెలిసివచ్చింది. మానివేస్తానని తండ్రితో చెప్పింది; ఆయన అడ్డు చెప్పలేదు. ఆ పైని కథ సినిమా ప్రేక్షకులందరికీ తెలిసినదే. 2006లో కన్నడ చిత్రంతో తెరకెక్కిన ఆమె మరుసటి ఏడాది హిందీ చిత్రసీమలో ప్రవేశించి అగ్రనటి అయింది. చిన్న కుమార్తె అనీషా గోల్ఫ్ క్రీడాకారిణి.

లోకం ఈ సంఘటనను సినిమాతార జీవితంలో తొలి మెట్టుగా చెప్పుకుంటుంది. బడిలో పనిచేసేవారి దృష్టి తండ్రి మీదకు పోతుంది. దేశంలో ఆ ఆట గురించి తనకంటె ఎక్కువ తెలిసినవారు లేరు. కూతురికి ప్రతిభ ఉన్నది. పది సంవత్సరాల సాధన వెనుక ఉన్నది. ఇంజనీరు కొడుకు ఇంజనీరింగ్ వద్దంటేనే ఇల్లు పీకి పందిరి వేసే దేశంలో ఆయన సరేనన్నారు. ఆల్ ఇంగ్లండ్ గెలవడం కంటె ఇది చిన్న విషయమేమీ కాదు.

అయితే ప్రకాశ్ పదుకొణె ఆటకు వారసులు లేకపోలేదు. 1994లో ఆయన విమల్ కుమార్, వివేక్ కుమార్‌లతో కలిసి బెంగళూరులో ఒక బ్యాడ్మింటన్ అకాడమీ స్థాపించారు. పెళ్ళిళ్ళ హాలు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూసిన పిల్లవాడు, పిల్లలు ఎదురుచూడనక్కరలేని కోర్టులు కట్టించారన్నమాట. ఆ రోజులలో అక్కడికి వచ్చి చేరినవారిలో ఒక తెలుగు యువకుడు ఉన్నాడు. ఇంటిలో ఆ ఆట పాండిత్యం లేదు, ఇంటిపేరుకు ఆ ఆటలో ప్రతిష్ఠ లేదు.

పుల్లెల గోపీచంద్ 1973 నవంబరు 16న అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో జన్మించారు. చిన్నప్పుడు మనసు క్రికెట్ మీద. బ్యాడ్మింటన్ వైపు మళ్ళించినది అన్న రాజశేఖర్. అన్నదమ్ములిద్దరూ ఆడేవారే. అన్న ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షలో నెగ్గి ఆట మానివేశాడు. తాను ఇంజనీరింగ్ పరీక్ష తప్పి ఆటలో నిలిచిపోయానని గోపీచంద్ పలు సభలలో నవ్వుతూ చెప్పి ఉన్నారు. (ఈ మాట పరీక్షల ముందు పిల్లల చెవిన పడకుండా ఉంటేనే మేలు.) హైదరాబాదులో ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద ఆట దిద్దుకొని, తరువాత బెంగళూరు వచ్చి పదుకొణె అకాడమీలోను, భారత క్రీడా ప్రాధికార సంస్థలో గంగూలీ ప్రసాద్ వద్దను శిక్షణ పొందారు. 1994లో పూణే జాతీయ క్రీడలలో మోకాలు దెబ్బతిన్నది. శస్త్రచికిత్సలు జరిగాయి. అటువంటి కాలితో 1996 నుండి 2000 వరకు వరుసగా అయిదుసార్లు జాతీయ ఛాంపియన్ కావడం, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ బిరుదు సాధించడం తెలుగువారు ఇప్పటికీ పండుగలా చెప్పుకునే సంగతి. ఆ బిరుదు మొదటిసారి భారతదేశానికి వచ్చి అప్పటికి ఇరువదియొక్క సంవత్సరాలు. ప్రకాశ్ అందుకున్న కిరీటం ఇంట్లోని కూతురికి పోలేదు, ఆయన కోర్టులో చెమటోడ్చిన శిష్యునికి పోయింది. మన సంగీత, నృత్య సంప్రదాయాలలో దీనిని గురుపరంపర అంటారు. అక్కడ శిష్యుని పేరు ముందు గురువు పేరు చెప్పడం ఆనవాయితీ. ఆటలలో ఆ ఆనవాయితీ లేకపోవడం వలన వారసత్వమంటే రక్తసంబంధమేనన్న భ్రమ కలుగుతున్నది.

రక్తసంబంధమైన వారసత్వానికి బెంగళూరులో తిరుగులేని ఉదాహరణ బిన్నీ కుటుంబం. రోజర్ బిన్నీ కూడా 1955లోనే, జూలై 19న, ఈ నగరంలోనే జన్మించారు. భారతదేశం తరఫున క్రికెట్ ఆడిన తొలి ఆంగ్లో ఇండియన్ ఆయన. పడుచుతనంలో ఈటె విసరడంలో కూడా దిట్ట. 1977లో చిక్కమగళూరులో కేరళపై సంజయ్ దేశాయ్‌తో కలిసి తొలి వికెట్టుకు అజేయంగా 451 పరుగులు జోడించి, తాను 211 పరుగులతో నిలిచారు. 1979 నవంబరులో తొలి టెస్టు కూడా సొంత ఊరిలోనే, పాకిస్తాన్‌తో. 1983 ప్రపంచ కప్పులో 18 వికెట్లు తీసి అందరికంటె ముందు నిలిచారు. కపిల్ దేవ్ 175 పరుగులు గుర్తున్నంతగా ఈ 18 వికెట్లు జనానికి గుర్తు లేకపోవడం న్యాయం కాదు.

1984 జూన్ 3న, ఆ ప్రపంచ కప్పు గెలిచి ఏడాది తిరగకముందే, కుమారుడు స్టువర్ట్ జన్మించాడు. తండ్రిలాగానే బ్యాటూ బంతీ రెండూ పట్టాడు. తండ్రిలాగానే మధ్యమ వేగపు బంతులు. కాని దారి పూలబాట కాలేదు. 2007లో మొదలైన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టుకు ఆడినందువలన, ఆ లీగ్‌ను గుర్తించని భారత క్రికెట్ బోర్డు ఆంక్షలకు గురి అయ్యాడు. 2009లో బోర్డు క్షమాభిక్ష ఇచ్చిన తరువాతగాని కర్ణాటకకు తిరిగి రాలేకపోయాడు. భారతజట్టులో స్థానం 2014 జనవరిలో, న్యూజీలాండ్‌లో, దాదాపు ముప్పదేళ్ళ వయసులో లభించింది.

అప్పుడే చిక్కు వచ్చిపడింది. ఆ సమయంలో జాతీయ సెలక్షన్ సంఘంలో రోజర్ బిన్నీ సభ్యులు. కుమారుని పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన గదిలో నుండి బయటకు వెళ్ళిపోయేవారని అప్పటి పత్రికలు వ్రాశాయి. మర్యాద అంతకంటె ఎవరు చేయగలరు? అయినా లోకం నోరు మూయడం ఎవరి తరం! స్టువర్ట్ ఒక మ్యాచిలో విఫలమైతే చాలు, తండ్రి పేరు వినిపించేది. 2014 జూన్ 17న మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌పై 4 పరుగులకే 6 వికెట్లు తీశాడు. 1993లో అనిల్ కుంబ్లే వెస్టిండీస్‌పై 12 పరుగులకు 6 వికెట్లు తీసి నెలకొల్పిన భారత రికార్డు దానితో వెనుకబడింది. ఆ రికార్డును సృష్టించినవాడు, దాటినవాడు ఇద్దరూ బెంగళూరువారే. 2023 ప్రపంచ కప్పు సెమీఫైనల్‌లో మహమ్మద్ షమీ ఏడు వికెట్లు తీసేవరకు, ఒక వన్డే మ్యాచిలో భారత బౌలరు ప్రదర్శనలలో స్టువర్ట్‌దే మొదటి స్థానం. ఆ జూలైలోనే నాటింగ్‌హామ్‌లో తొలి టెస్టు రెండవ ఇన్నింగ్సులో 78 పరుగులు చేసి ఓటమి ప్రమాదం తప్పించాడు. అయినప్పటికీ 2015 ప్రపంచ కప్పు జట్టులో అతని పేరు చూసి పెదవి విరిచినవారే ఎక్కువ. ఆ పోటీలో అతనికి ఒక్క మ్యాచి కూడా ఆడే అవకాశం రాలేదు. ఆ సంవత్సరం నవంబరులో రోజర్ స్థానంలో గుంటూరుకు చెందిన ఎం.ఎస్.కె. ప్రసాద్ సెలక్టరుగా వచ్చారు. 6 టెస్టులు, 14 వన్డేలు, 3 టి20 మ్యాచిలతో స్టువర్ట్ అంతర్జాతీయ జీవితం ముగిసింది. 2021 ఆగస్టులో ఆట నుండి విరమించాడు. మరుసటి ఏడాది అక్టోబరులో తండ్రి భారత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు.

కర్ణాటక 2013–14, 2014–15 రంజీ ట్రోఫీలు వరుసగా గెలిచినప్పుడు ఆ జట్టులో స్టువర్ట్ ముఖ్యుడు. ఆయన స్వశక్తిని శంకించడానికి ఆధారం కనబడదు. ప్రసిద్ధుని బిడ్డకు తొలి తలుపు తేలికగా తెరుచుకుంటుందన్నది నిజమే. లోపలికి వెళ్ళిన తరువాత మాత్రం అతడు ఇతరులకంటె రెట్టింపు ఆడితేనే సగం మెప్పు. తండ్రికి 27 టెస్టులు, కొడుకుకు 6 అని లెక్క వేసేవారు, దేశానికి ఒక్క టెస్టు కూడా ఆడని లక్షలమంది ఆటగాళ్ళను లెక్క వేయరు.

ఇక్కడ ఆడపిల్లల సంగతి కూడా చెప్పుకోవాలి. భారత టెస్టు క్రికెట్ తొలి కెప్టెన్ కఠారి కనకయ్య నాయుడు, అనగా సి.కె. నాయుడు, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవారు. ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా టెస్టులు ఆడారు. కుమార్తె చంద్రా నాయుడుకు తండ్రి ఆట మీద ప్రాణం. కాని 1932లో తండ్రి లార్డ్స్‌లో జట్టును నడిపించిన తరువాత భారత మహిళలు తొలి టెస్టు ఆడడానికి నలభైనాలుగు ఏండ్లు పట్టింది. ఆ తొలి టెస్టు 1976లో వెస్టిండీస్‌తో బెంగళూరులోనే జరిగింది. కర్ణాటకకు చెందిన శాంతా రంగస్వామి కెప్టెన్. అప్పటికి చంద్రా నాయుడు ఆడే వయసు దాటిపోయింది. ఆమె బ్యాటు బదులు మైకు పట్టి, దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరయ్యారు, ఇండోరులో కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశారు, తండ్రి జీవితాన్ని గ్రంథస్థం చేశారు, 2021లో కన్నుమూశారు. కొడుకులకు సహజంగా దక్కిన హక్కు కూతురికి ఏ రూపంలో దక్కిందో చూడండి. దీపికకు ఆడే హక్కు, మానుకునే హక్కు రెండూ ఉన్నాయి. ఈ రెండు జీవితాల నడుమ ఒక యుగం గడిచింది.

ఆ యుగపు ఫలితాన్ని గోపీచంద్ ఇంట చూడవచ్చును. ఆయన 2002లో వివాహమాడిన పి.వి.వి. లక్ష్మి కూడా బ్యాడ్మింటన్ క్రీడాకారిణి; 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడారు. 2003 మార్చి 4న జన్మించిన కుమార్తె గాయత్రికి తల్లి వైపు నుండి, తండ్రి వైపు నుండి ఒకటే ఆట. తండ్రి 2006 నుండి జాతీయ ప్రధాన కోచ్. 2008లో గచ్చిబౌలిలో వెలసిన అకాడమీ కోసం సొంత ఇంటిని తాకట్టు పెట్టిన మనిషి. సైనా నెహ్వాల్, పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్ వంటివారు సాధన చేసిన కోర్టుల పక్కనే ఆ పిల్ల పెరిగింది. 2018లో పదిహేనేళ్ళ ప్రాయంలో ఆసియా క్రీడల జట్టుకు ఎంపికైనప్పుడు, బెంగళూరులో స్టువర్ట్ విన్న ప్రశ్నలే హైదరాబాదులో ఆమె చెవిన కూడా పడ్డాయి. కోచ్ కూతురు కాబట్టి అన్నారు.

గాయత్రి దానికి మాటలతో జవాబు చెప్పలేదు. తల్లిదండ్రులిద్దరూ ప్రధానంగా సింగిల్స్ క్రీడాకారులు. ఆమె మొదట సింగిల్స్ ఆడి, క్రమంగా డబుల్స్ వైపు మళ్ళింది. ఆట అదే అయినా కొలబద్ద వేరయింది. డబుల్స్‌లో తండ్రి స్కోరు పక్కన కూతురి స్కోరు వేసి చూడడం కుదరదు. కేరళలోని కన్నూరు జిల్లాకు చెందిన ట్రీసా జాలీ ఆమెకు జోడీ. ట్రీసా తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. డ్రిల్లు మాస్టారి కూతురు, ఆల్ ఇంగ్లండ్ విజేత కూతురు కోర్టులో సమాన భాగస్వాములు! 2022 ఆల్ ఇంగ్లండ్ పోటీలకు ఈ జంట నేరుగా అర్హత పొందలేదు. ఎవరో తప్పుకోగా ఖాళీ అయిన స్థానంలో ప్రవేశించి సెమీఫైనల్ చేరింది. 2023లో మళ్ళీ సెమీఫైనల్. 2022 కామన్‌వెల్త్ క్రీడలలో కాంస్యం గెలిచారు. 2024 ఫిబ్రవరిలో ఆసియా టీమ్ ఛాంపియన్‌షిప్ తొలిసారి భారత మహిళలకు దక్కినప్పుడు జట్టులో ఉన్నారు. 2024, 2025 సంవత్సరాలలో లక్నోలో జరిగే సయ్యద్ మోదీ పోటీలలో మహిళల డబుల్స్ వీరిదే. పారిస్ ఒలింపిక్స్ మాత్రం చేజారింది. భారత మహిళల డబుల్స్ స్థానం బెంగళూరుకు చెందిన అశ్విని పొన్నప్ప, తనీషా క్రాస్టోల జంటకు దక్కింది. 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మన గుత్తా జ్వాలతో కలిసి కాంస్యం సాధించిన ఆ అశ్వినియే. ఆమె తండ్రి హాకీ ఆటగాడు.

తల్లిదండ్రుల ఆటను కాక, ఆటతనాన్ని మాత్రం తీసుకున్న బిడ్డలలో అశ్విని ఒక్కతే కాదు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో హాకీ కాంస్యం గెలిచిన వేస్ పేస్ కుమారుడు లియాండర్ 1996లో టెన్నిస్‌లో కాంస్యం తెచ్చాడు. తెలుగువారికి సమీప ఉదాహరణ సింధు. తండ్రి పి.వి. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన వాలీబాల్ జట్టు సభ్యుడు, 2000లో అర్జున పురస్కార గ్రహీత. తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణి. గోపీచంద్ 2001 విజయం చూసి ముచ్చటపడిన పిల్ల వాలీబాల్ వైపు కన్నెత్తి చూడలేదు. రైల్వే ఉద్యోగి అయిన తండ్రి నెట్టుకు ఆవల ఉన్న మరొక నెట్టు దగ్గరకు కూతుర్ని తీసుకువెళ్ళారు. 2016 రియోలో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం, 2019లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ — ఇవన్నీ ఆమె ఎంచుకున్న ఆటలో వచ్చినవి. ఎత్తు, ఎగురు, భుజబలం ఇంటి నుండి వచ్చి ఉండవచ్చును. పోటీకి ముందు రాత్రి ఏమి తినాలో, ఓడిన మరునాడు ఏమి మాట్లాడకూడదో తెలిసిన తల్లిదండ్రులు ఉండడం అంతకంటె పెద్ద ఆస్తి.

ఈ ఆస్తి మాటలోనే సామాన్య కుటుంబాలకు చురుక్కుమనే విషయం ఉన్నది. 2025 ఫిబ్రవరిలో గోపీచంద్, ధనిక కుటుంబమో వ్యాపార కుటుంబమో కాకపోతే పిల్లలను క్రీడలలో దింపవద్దని తల్లిదండ్రులకు బహిరంగంగా సలహా ఇచ్చారు. జీవితమంతా ఆటకే ఇచ్చి, ఎందరినో విజేతలుగా తీర్చిన వ్యక్తి నోట ఈ మాట రావడం చాలామందికి మింగుడుపడలేదు. ఆయన చెప్పినది కటువుగా ఉన్నా అబద్ధం కాదు. ఆటలో నెగ్గేవారు బహుకొద్దిమంది. ముప్పదేళ్ళు దాటిన తరువాత చదువూ లేక, ఉద్యోగమూ లేక మిగిలిపోయేవారు ఎందరో. ప్రసిద్ధుల బిడ్డకు కాలు జారితే క్రింద వల ఉంటుంది. బెంగళూరుకు పని కోసం వలస వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ వల లేదు. అయితే గోపీచంద్ సలహాను ముప్పై ఏళ్ళ ముందు ఆయన తల్లిదండ్రులకు ఎవరైనా ఇచ్చి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించుకోవాలి. ప్రశ్న పిల్లవాణ్ణి ఆడనివ్వాలా వద్దా అన్నది కాదు. ఆడుతున్నంతకాలం చదువు చేయి విడువకుండా చూసే బాధ్యత ఎవరిదన్నది. క్రీడాకారుల ఇండ్లలో దానిని తల్లిదండ్రులు చూసుకుంటారు. తక్కిన ఇండ్ల పిల్లల విషయంలో అది బడి మీద పడుతుంది. ఆ పని మన బడులు సరిగా చేస్తున్నాయని చెప్పడానికి మనస్సాక్షి ఒప్పుకోదు.

ఇంటి వారసత్వం, గురు వారసత్వం రెండూ ఒకచోట కలిసిన సందర్భం కూడా బెంగళూరులోనే కనిపిస్తుంది. ఉత్తరాఖండ్‌లోని అల్మోరాలో 2001లో జన్మించిన లక్ష్య సేన్‌కు తాత కాలం నుండి ఇంట బ్యాడ్మింటనే, తండ్రి డి.కె. సేన్ కోచ్, అన్న చిరాగ్ ఆటగాడు. అంత ఉన్నా పసితనంలోనే అతణ్ణి బెంగళూరు పదుకొణె అకాడమీకి పంపించారు. తన బిడ్డకు తాను నేర్పగలిగినది ఎక్కడ అయిపోతుందో తెలుసుకోవడం కోచ్‌కైనా, ఉపాధ్యాయునికైనా కష్టమే. లక్ష్య 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం, 2022 కామన్‌వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచాడు. 2022 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ వరకు వెళ్ళి ఆగిపోయాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం.

ఇక రాబోయే తరం. రాహుల్ ద్రావిడ్ తండ్రి శరద్ జామ్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగి. అందుకే రాహుల్‌కు ఆటగాళ్ళలో ‘జామీ’ అన్న ముద్దుపేరు వచ్చింది. రాహుల్ కుమారుడు సమిత్‌కు మాత్రం పుట్టుకతోనే పెద్ద పేరు వచ్చిపడింది. 2024 జనవరిలో కర్ణాటక తొలిసారి కూచ్ బిహార్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో అతడు ఆడాడు. ఆ ఏడాది ఆగస్టులో అండర్–19 భారతజట్టుకు ఎంపికయ్యాడు. తండ్రి మైదానానికి వచ్చినా జనంలో ఒకరుగా కూర్చొని చూసి వెళ్ళడం పత్రికలలో ఫోటోలుగా వచ్చింది.

యలహంక సమీపంలో పదుకొణె, ద్రావిడ్ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టిన క్రీడాకేంద్రం ఉన్నది. పదుకొణె అకాడమీ ఇప్పుడు అక్కడికే చేరింది. 2023 చివరలో, గాయాలతోను, ఓటములతోను సతమతమవుతున్న సింధు హైదరాబాదు విడిచి ఆ కోర్టులకు వచ్చింది. వాలీబాల్ ఇంట పుట్టి, గోపీచంద్ వద్ద ఎదిగిన ఆ అమ్మాయి, గోపీచంద్ ఒకప్పుడు శిక్షణ పొందిన అకాడమీలో, అరవై ఎనిమిదేళ్ళ ప్రకాశ్ పదుకొణె పర్యవేక్షణలో మళ్ళీ సాధన మొదలుపెట్టింది.